ఖాళీ ఫోల్డరు

నరసాపురం దగ్గర ఒక లేసు కేంద్రంలో పాత కంప్యూటరుకి లినక్స్ ఎక్కించి, దాని బాగోగులు కొన్నాళ్ళు నేనే చూశాను. ఆ కేంద్రాన్ని నడిపేది డెబ్బైకి దగ్గరపడిన ఒక పెద్దావిడ. పిన్నిగారూ అని పిలిచేవాణ్ణి. నలభై ఏళ్ళుగా ఆవిడ అల్లిన లేసులన్నీ ఎప్పుడో అమ్ముడైపోయాయి. మిగిలినవి వాటి ఫొటోలు, ఒక్కోదాన్ని ఎలా అల్లాలో ఆవిడ చెబుతుంటే టైపు చేసిన వివరాలు. కొత్తగా చేరిన ఆడవాళ్ళు వాటిని తెరమీద చూసే నేర్చుకునేవారు.

అవన్నీ విడిగా తగిలించే ఒక డిస్కులో ఉండేవి. రోజూ మధ్యాహ్నం మూడింటికి వాటిని కంప్యూటరు లోపలి డిస్కులోకి కాపీ చేసేలా ఆర్‌సింక్ కమాండు పెట్టాను. అసలులో లేని ఫైలు కాపీలోనూ ఉండకూడదని, తుడిచేసే ఆప్షన్ కూడా జోడించాను. అంతా శుభ్రంగా ఉంటుందని నా గొప్ప. డిస్కు తగిలించి ఉందో లేదో ముందుగా చూసుకునే లైను ఒకటి రాయాలని నాకు తెలుసు. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఇదే పని ఇంకొకరు చేస్తే నోరు పారేసుకునే రకాన్ని నేను.

మా వైపు ఉరుము వినపడితే చాలు, ప్లగ్గులన్నీ పీకేస్తారు. కొబ్బరిచెట్ల మీద పిడుగులు పడటం చూసినవాళ్ళకి అది అలవాటు. ఆ వేసవిలో ఒక మధ్యాహ్నం మబ్బు పడితే పిన్నిగారు, నేను నేర్పినట్టే కంప్యూటరు ఆపి, ప్లగ్గులు పీకి, డిస్కుని తువ్వాలులో చుట్టి బీరువా పైఅరలో పెట్టబోయారు. చెయ్యి జారి కిందపడింది. ఏమీ కాలేదనుకుని తీసి లోపల పెట్టేశారు. వాన తెరిపివ్వగానే, ఏదో ఉత్తరం ప్రింటు తియ్యాలని కంప్యూటరు ఒక్కటీ వేశారు. మూడయ్యింది. డిస్కు ఉండాల్సిన చోట నా కమాండుకి ఖాళీ ఫోల్డరు కనిపించింది. అసలులో ఏమీ లేదు కాబట్టి కాపీలోనూ ఏమీ ఉంచలేదు. పని విజయవంతంగా పూర్తయిందని నాకు మెయిల్ వచ్చింది. అది చూసి కాఫీ తాగాను.

మర్నాడు ఆవిడ ఫోన్ చేశారు. "డిస్కు టక్కుటక్కుమంటందండీ. ఓసారి రండి బాబూ."

"కాపీ ఉంది కదండీ పిన్నిగారూ, కంగారెందుకు?" అని నవ్వాను.

వెళ్ళి చూస్తే కాపీ లేదు. తుడిచిపోయిన ఫైళ్ళని వెతికే టూళ్ళు తెలిసినవన్నీ నడిపాను. సగం తెగిన బొమ్మలు ఓ పది దొరికాయి. కిందపడిన డిస్కుని హైదరాబాదు పంపితే లాభం లేదన్నారు.

ఆ మాట చెప్పడానికి కేంద్రానికి వెళ్ళాను. ఆ రోజు మూడింటికి నా కమాండు ఏమేం తుడిచేసిందో నమోదైన లాగ్ ఫైలుని అప్పటికే ఎన్నిసార్లు చదివానో లెక్క లేదు. నిజం చెప్పేద్దామనే బయల్దేరాను. ఆవిడ నన్ను నోరు తెరవనివ్వలేదు.

"నా చేతుల్తో నేనే పడేసుకున్నానండీ. మీరు అంత జాగర్త చేసి పెడితే... నావల్లే కదండీ పోయింది?"

కాదని ఒక్క మాట అంటే సరిపోయేది. చుట్టూ అల్లుతున్న ఆడవాళ్ళు సూదులు ఆపి నా వైపే చూస్తున్నారు. సిగ్గేసింది, భయమూ వేసింది.

"పోనివ్వండి పిన్నిగారూ, ఎవరికైనా జరుగుతుంది," అన్నాను.

ఆవిడ నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఒక్క మాట కూడా అనలేదండీ మీరు," అని ఏడ్చేశారు.