చెరకు ట్రాక్టరు ముందు నా పరుగు

ఆ రోజుల్లో మా ఎడపల్లి వైపు పెద్దవాళ్లెవరూ ఊరికే పరిగెత్తేవారు కాదు. బస్సు వెళ్లిపోతుంటే పరిగెత్తాలి, లేదా ఎవరి కొంపో మునిగితే పరిగెత్తాలి. వయసొచ్చిన పిల్ల తెల్లవారకముందే రోడ్డు మీద పరిగెత్తిందంటే ఊరికి తోచే మూడో కారణం నేనిక్కడ రాయను. నేనప్పుడు డిగ్రీ ముగించి, బోధన్‌లో ఒక జిరాక్స్ దుకాణంలో పనిచేస్తూ, కానిస్టేబుల్ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకున్నాను. రాత పరీక్షంటే భయం లేదు. ఈవెంట్స్‌లో, అంటే దేహదారుఢ్య పరీక్షల్లో, ఎనిమిది వందల మీటర్ల పరుగు ఉంటుంది, అదే నా ప్రాణానికి వచ్చింది (దుకాణం మెట్లెక్కినా ఆయాసపడే రకాన్ని). అంతకుముందే ఆ ఉద్యోగం కొట్టిన మా చర్చి అక్క ఒకామె జాలిపడి, నోటుబుక్కు కాగితం మీద షెడ్యూలు రాసిచ్చింది. మొదటి వారం ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, అలా ఎనిమిదిసార్లు. ఆదివారం విశ్రాంతి. దాన్ని గోడ మీద బైబిలు వాక్యాల క్యాలెండరు పక్కన అన్నం మెతుకులతో అతికించాను.

షెడ్యూలు బాగానే ఉంది, దాన్ని ఇరికించడానికి పొద్దే దొరకలేదు. నాలుగున్నరకు అవ్వ ప్రార్థన (మా వైపు అవ్వంటే అమ్మే, బాపంటే నాన్న). ఆరింటికి నల్లా దగ్గర నీళ్లు పట్టడం. తర్వాత వంట, బాపుకు టిఫిన్ డబ్బా, తొమ్మిదింటికి దుకాణం. మిగిలింది ఐదు నుంచి ఆరు. చలికాలంలో ఐదంటే చీకటి, కుక్కలు, చెరకు తోటల్లోంచి అడవిపందులు. బాపు సైకిలు మీద తోడొచ్చాడు గానీ, రెండో రోజుకే ఎదురైన ప్రతివాళ్లకూ "మా బిడ్డ పోలీసు నౌకరికి ఉరుకుతున్నది" అని చాటింపు వేయడం మొదలుపెట్టేసరికి సిగ్గుతో బతిమాలి మాన్పించాను. అప్పుడు తట్టింది నాకొక ఉపాయం. మా దగ్గరి చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక చెరకు చాలా దూరం పోవాలి కాబట్టి ట్రాక్టర్లు ఐదింటికే బయల్దేరేవి. ఆ గుంతల రోడ్డు మీద నిండు లోడుతో ట్రాక్టరు పోయే వేగమూ, నా పరుగూ ఇంచుమించు ఒకటే. దాని వెనకే పోతే కుక్క రాదు, పంది రాదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

మరిచిపోయింది ఒక్కటే. మా వైపు చెరకు ట్రాక్టరు వెనక ఎవరైనా పరిగెత్తారంటే అది ట్రాలీలోంచి చెరకు గడ లాగడానికే. చిన్నప్పుడు మేమందరం ఆ విద్యలో ఆరితేరినవాళ్లమే. నాలుగో రోజు ట్రాక్టరు గుంతలో పడి లేచేసరికి ట్రాలీలోంచి ఒక గడ జారింది. పరాయి సొమ్ము మనకెందుకని దాన్ని తీసుకుని "తాతా, గడ పడ్డది!" అని అరుస్తూ ఇంకా గట్టిగా పరిగెత్తాను. ఇంజను మోతలో ఏం వినబడుతుంది! అద్దంలో ట్రాక్టరు నడిపే ఆయనకు కనబడింది మాత్రం ముఖానికి చున్నీ చుట్టుకుని, చేతిలో గడతో పరిగెత్తుతున్న మనిషి. ట్రాక్టరు ఆగింది. దిగినాయన కాలువ కింద పొలం చేసుకోవడానికి కోస్తా నుంచి వచ్చిన కుటుంబం పెద్ద. ఊరందరికీ ట్రాక్టరు తాత. బాపు చెరకు నరికేది ఆయన తోటలోనే.

"నాలుగు రోజుల్నుంచీ అద్దంలో చూస్తూనే ఉన్నా. ఏళ్లొచ్చాయి గానీ బుద్ధి రాలేదే నీకు? పోలీసులకి చెప్తే గానీ మానరా మీరు?"

పోలీసులన్న మాటకు నా దరఖాస్తు గుర్తొచ్చింది. ఉద్యోగం ఇచ్చే ముందు ఊళ్లోకొచ్చి మన గురించి ఎంక్వైరీ చేస్తారు. చెరకు దొంగ అని ఒక్క ఫిర్యాదుంటే చాలు, కాగితం చిరిగినట్టే. ఎవరి పిల్లవని అడిగితే బాపు పేరు మాత్రం చెప్పి, గడ ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను.

సాయంత్రం తాత మా ఇంటికే వచ్చాడు. "గట్లనకు పెద్దాయనా, నా బిడ్డ గసుంటిది కాదు" అని బాపు చేతులు కట్టుకున్నాడు. అవ్వ లోపలికెళ్లి బైబిలు తెచ్చి నా ముందు పెట్టింది.

"చెయ్యి వెట్టి చెప్పు. గడ గుంజినవా?"

"ఈసారి గుంజలే అవ్వా."

"ఈసారేంది? ఇంకెప్పుడు గుంజినవ్?"

బైబిలు మీద చెయ్యి ఉంది, అబద్ధమాడలేను. ఐదో తరగతిలో మూడుసార్లు, ఆరులో లెక్కలేదని ఒప్పుకున్నాను. అవ్వ తల పట్టుకుంది.

"మరి ఇప్పుడెందుకు పరిగెత్తావ్?" అన్నాడు తాత.

"ఉరుకుడు కోసమే ఉరికిన తాతా."

ఆయన నమ్మలేదు. గోడ మీది కాగితం చూపించాను. కళ్లజోడు పెట్టుకుని మొత్తం చదివాడు. "ఒక నిమిషం ఇది, రెండు నిమిషాలు అది... జొరానికి మందుల చీటీలా ఉందే" అన్నాడు. కళ్లజోడు తీసి, "రేపట్నుంచి బండి ముందు పరిగెత్తు. లైటుంటుంది. నువ్వు నా కళ్లెదుట ఉంటావు, చెరకు నా వెనకాల ఉంటుంది" అన్నాడు. అది దయో అనుమానమో నాకు తెలియలేదు.

మర్నాటి నుంచి లైటు వెలుగులో నేను, నా వెనక ట్రాక్టరు. నిమిషం కాగానే హారన్ ఒకసారి కొడితే నడక, రెండుసార్లు కొడితే పరుగు. మొదటి రోజు మలుపు దగ్గరి చాయ్ హోటల్లోంచి నలుగురు కర్రలతో రోడ్డుకు అడ్డంగా వచ్చారు. "ఓ తాతా, ఆపు! పోరి మీదికెక్కిస్తున్నవ్!" వాళ్లకు నచ్చజెప్పేసరికి నల్లా నీళ్లు వచ్చి పోయాయి, ఆ రోజు అవ్వ చేత నాకు వేరే శిక్షణ జరిగింది. తాత తోటలో చెరకు అయిపోయినా నా షెడ్యూలు ఇంకా మూడు వారాలు మిగిలింది. ఆఖరి లోడు పోయిన మర్నాడు కూడా తాత వచ్చాడు, ట్రాలీ లేకుండా, ఉత్త ట్రాక్టరుతో. "ఇంజను తిప్పకపోతే పాడవుద్ది" అన్నాడు. నిజమే కాబోలనుకున్నాను.

నిజామాబాద్ గ్రౌండులో పరుగు గట్టెక్కాను, వెనక నుంచి రెండోదాన్నిగా. రాత పరీక్షా అయింది. ఆఖరికి ఎంక్వైరీకి ఒక కానిస్టేబుల్ ఊళ్లోకొచ్చి, మా వాకిట్లో కూర్చుని, పెద్దమనిషి ఎవరైనా చెప్పాలన్నాడు. బాపు తాతను పిలుచుకొచ్చాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"ఈ అమ్మాయి మీద ఏమన్న ఫిర్యాదులున్నయా పెద్దాయనా?"

తాత కళ్లజోడు సర్దుకున్నాడు. "ఒకప్పుడు నేనే ఈ పిల్లని దొంగనుకున్నానండి" అన్నాడు. అవ్వ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అందుకే రోజూ బండి ముందు పరిగెత్తించి చూశాను. దొంగ కాదండి. దొంగైతే ఇంతకంటే బాగా పరిగెత్తేది."

కానిస్టేబుల్ పడీ పడీ నవ్వి, రాసుకుని వెళ్లిపోయాడు. నేను చున్నీ నోట్లో కుక్కుకుని ఏడ్చాను, నవ్వాను, రెండూ ఒకేసారి. ఉద్యోగంలో చేరి చాలా ఏళ్లయింది, నా గురించి పై అధికారులు మంచిమాటలు రాసిన కాగితాలు బీరువాలో ఉన్నాయి. ఏదీ తాత మాటంత నిజం కాదు. ఆ చలిలో రొప్పుతూ, తాను భలే పరిగెత్తుతున్నాననుకుంటూ పోయిన ఆ పిల్ల ఇప్పుడు గుర్తొస్తే ముద్దొస్తుంది.