ఆఖరున వచ్చినవాడిదీ అంతే దూరం

పోయిన నెల మొదటివారంలో ఒకరోజు, పొద్దున్నే పాలు పొయ్యి మీద ఉండగా మావ ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. మావ భార్యను మేమంతా అత్త అనే పిలుస్తాం. "మీ మావ ఎల్లిపోనాడమ్మా. ఇప్పుడే. నా సెయ్యి పట్టుకునే ఉన్నాడు" అంది. ఏడవలేదు. "మీ పరుగోళ్ళందరికీ నువ్వే సెప్పీ" అని పెట్టేసింది.

ఆయన నాకు చుట్టం కాదు. ఆమదాలవలసలో పొద్దున్నే పరుగెత్తే పాతికమందికి ఆయన మావ. ముప్ఫై ఆరేళ్ళు రైల్వేలో కీమ్యాన్‌గా పనిచేశారు. అంటే భుజాన సుత్తి, చేతిలో జెండాలు పట్టుకుని రోజూ పట్టాల వెంట నడుస్తూ, వదులైన చోట బిగించుకుంటూ వెళ్ళే ఉద్యోగం. మనం రైల్లో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు, బండి పోయేదాకా పట్టాలకు ఎడంగా నిలబడి చూసే మనిషి ఒకరు కనిపిస్తారు చూడండి, ఆయనే.

రిటైరైన మర్నాడు కూడా ఆ వేళకే మెలకువ వచ్చేసిందట. "నాకిచ్చేరు గానీ, నా కాళ్ళకి ఎవుడూ రిటైర్‌మెంటు కాగితం ఇవ్వనేదమ్మా" అనేవారు నవ్వుతూ. అలా కాలవగట్టు మీద ఒక్కరే నడవడం మొదలుపెట్టి, కొన్నాళ్ళకు పరుగులో పడ్డారు. ఆయన వెనక ఒకరు, ఆ ఒకరి వెనక ఇంకొకరు. మా క్లబ్బు పుట్టింది అలాగే. దానికి బోర్డు లేదు, ప్రెసిడెంటు లేడు.

నేను హైస్కూల్లో లెక్కలు చెప్తాను. నలభై రెండో ఏట షుగరు వచ్చిందని, నడవమని డాక్టరు చెప్తే, కాలవగట్టు మీద తలొంచుకుని నడుస్తున్నాను. ఎవరైనా విద్యార్థుల తల్లిదండ్రులు చూస్తారేమోనని అదో సిగ్గు. వెనకనుంచి వచ్చిన మావ నా పక్కన ఆగారు.

"పంతులమ్మా, ఈ కరెంటు స్తంబం కాడినుంచి ఆ స్తంబం దాకా పరిగెట్టీ."

"నావల్ల కాదండి. ఆయాసం వచ్చి పడిపోతాను."

"పడిపోతే నేనెత్తుతాను. ఏటి, ఒక్క స్తంబమే గదా!"

పరిగెత్తాను. పడిపోలేదు. మర్నాడు రెండు స్తంభాలు. ఆరు నెలలయ్యేసరికి స్తంభాలు లెక్కపెట్టడం మానేశాను.

ఆయన పరుగు చూడ్డానికి గొప్పగా ఉండేది కాదు. మోకాళ్ళు పెద్దగా లేచేవి కావు. కానీ అడుగు మాత్రం ఎప్పుడూ ఒకటే. పట్టాల కింద అడ్డంగా పరిచిన స్లీపరు నుంచి స్లీపరుకు ముప్ఫై ఆరేళ్ళు వేసిన అడుగు, పెద్దదీ అవ్వదు, చిన్నదీ అవ్వదు. ఆయన వెనక పడితే వాచీ అక్కర్లేదు. జేబులో బెల్లం ముక్కలు కాగితంలో చుట్టుకుని వచ్చేవారు. పరుగయ్యాక తలా ఒకటి. నాకు మాత్రం, "నీకు షుగరు. నువ్వు వాసన సూసుకో" అని కాగితం చేతిలో పెట్టేవారు.

ఎవరైనా వెనకపడి మొహం చిన్నబుచ్చుకుంటే ఒకే మాట అనేవారు: "ఆఖర్న వొచ్చినోడు కూడా అంతే దూరం పరిగెత్తేడు." ఆ మాట నాకు ఎంతో ఓదార్పుగా ఉండేది, ఎందుకంటే మాలో ఆఖరు ఎప్పుడూ నేనే. అది ఓదార్పు మాట మాత్రమే కాదని తర్వాత తెలిసింది.

రెండేళ్ళ కిందట విజయనగరంలో జట్ల పరుగు పందెం పెట్టారు. పది కిలోమీటర్లు. జట్టుకు ఐదుగురు, అందులో ఒక్క ఆడమనిషయినా ఉండాలి. ఐదుగురూ ఎన్నో స్థానంలో వచ్చారో ఆ అంకెలన్నీ కలుపుతారు. ఎవరి మొత్తం తక్కువైతే వాళ్ళది గెలుపు. ఒక్కరు తప్పినా జట్టు లెక్కలోకి రాదు. మా జట్టులో ఆటో నడిపే శ్రీను అందరికంటే జోరు. తర్వాత కాలేజీ లెక్చరరు, టిఫిన్ సెంటరు నడిపే అప్పారావు. ఆ తర్వాత అరవై ఐదేళ్ళ మావ. చివర నేను.

"మావా, పంతులమ్మగారికి బదులు ఎవర్తినైనా కాలేజీ పిల్లని ఒక్కరోజుకి తెచ్చుకుందామా? మనకి కప్పొచ్చేస్తాది" అన్నాడు శ్రీను, నేను వినేలాగే.

"ఏడాదిగా మంచులో మనతోటి లేసింది ఎవరు?" అన్నారు మావ. ఆ సంగతి అక్కడితో సరి.

ఆదివారం పొద్దున కోట ముందు నుంచి బయలుదేరాం. ఊరి చివర పెట్రోలు బంకు దాటాక రోడ్డు మధ్య ఒక గుర్తు పెట్టారు. దాన్ని చుట్టి వెనక్కి రావాలి. బంకుకు ముందే డివైడరు మధ్య ఒక ఖాళీ ఉంది. అక్కడ దారి చూపే మనిషి ఎవరూ లేరు. పందెంలో లేకుండా సరదా పరుగుకు వచ్చినవాళ్ళు ఒక గుంపుగా ఆ ఖాళీలోంచి తిరిగిపోతున్నారు. నేనూ తలొంచుకుని వాళ్ళ వెంట తిరిగిపోయాను. పది అడుగులు వేశాక అర్థమైంది, నాకంటే ముందున్నవాళ్ళు ఇంకా ఎదరికే వెళ్తున్నారని.

వెనక్కి వెళ్ళొచ్చు. వెళ్ళలేదు. ఇన్నాళ్ళూ నేను దాన్ని పొరపాటు అనుకోవడానికి చూశాను గానీ, పొరపాటు ఆ పది అడుగులే. మిగతాదంతా నేను తెలిసి పరిగెత్తిందే.

గీత దాటాను. కాసేపటికి మావ వచ్చారు. నన్ను చూశారు. "నీల్లు తాగేవా?" అని మాత్రం అడిగారు.

మైకులో మా జట్టు రెండోదని చెప్పారు. శ్రీను గాల్లోకి ఎగిరాడు. పందెం మొత్తంలో మూడోవాడిగా వచ్చాడు వాడు. లెక్చరరుగారు, అప్పారావు ఒకరినొకరు కావలించుకున్నారు. మావ ఒక మెట్టు మీద కూర్చుని బూటు తాళ్ళు విప్పుకుంటున్నారు. పక్కన కూర్చున్నాను.

"మావా, నేను గుర్తు దాకా వెళ్ళలేదు. బంకు దగ్గరే తిరిగిపోయాను."

"తెలుసమ్మా. గుర్తు సుట్టి వొస్తంటే నీ ఈపు నా ముందల కనబడింది. నువ్వు నన్ను దాటనేదు గదా."

"మరి నన్ను అడగలేదేం?"

ఆయన తాడు విప్పడం ఆపారు. "అది నీ నోటమ్మట రావాల. నా నోటమ్మట వొస్తే అది సాడీ అవుతాది."

"ఇప్పుడేం చెయ్యను?"

"నువ్వే సెప్పు. పిల్లలకి లెక్కలు సెప్పీదానివి."

లేచాను. ఆయన ఒంటికాలి బూటుతోనే లేచి నా వెంట వచ్చారు. ఫలితాలు రాసే బల్ల దగ్గర నేను జరిగింది చెప్పాను. నిర్వాహకుడు మంచివాడే. "పోనీలెండి మేడమ్, చిన్న ముక్కే కదా. ఎవరూ కంప్లయింటు కూడా ఇవ్వలేదు. కప్పు తీసుకుపోండి" అన్నాడు. నిజం చెప్పాలంటే, ఆ మాటకు నా మనసు ఒక్క క్షణం జారింది కూడా.

"బాబూ," అన్నారు మావ నెమ్మదిగా, "ఆవిడ ఇప్పుడే గదా బరువు దించుకున్నాది. మల్లీ ఎత్తకు."

అతను మా ముఖాలు చూసి, మా జట్టు పేరు మీద అడ్డగీత గీశాడు.

ఆమదాలవలస ప్యాసింజరు ఎక్కి కూర్చున్నాం. శ్రీను మాకు దూరంగా తలుపు దగ్గర నిలబడ్డాడు. కాసేపటికి వాడే వచ్చాడు, ముక్కుపుటాలు అదురుతున్నాయి.

"నేను ఊపిరి తెగ్గా పరిగెత్తేను మావా. నా మూడో ప్లేసు ఏటైనట్టు? ఈవిడ తప్పు సేసింది, నువ్వు నీతులు సెప్పేవు. మా కష్టమంతా కాలవలో పోసీసినట్టే గదా!"

"నీ మూడో ప్లేసు ఎవుడు తీసుకుపోతాడ్రా? అది నీ కాళ్ళల్లో ఉన్నాది. కప్పు మనది కాదు, ఇచ్చీసినాం. అంతే."

శ్రీను చీపురుపల్లిలో దిగి వేరే పెట్టెలో ఎక్కాడు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. కాసేపాగి, అడగకూడదనుకుంటూనే అడిగాను: "నేను చెప్పకపోయుంటే మీరేం చేద్దురు?"

కిటికీలోంచి పక్క పట్టాలవైపు చూస్తూ అన్నారు: "అదే తెల్దమ్మా. నువ్వొచ్చి నా పక్కన కూకున్న దాకా నాకూ బయ్యంగానే ఉన్నాది. నువ్వు రాకపోతే, నీతో పాటు నేనూ నోరు మూసుకుందునేటో. నన్ను కూడా నువ్వే కాసేవు."

ఈ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఆయన్ని పెద్దవాణ్ణి చెయ్యడానికి అందరూ ఆ కప్పు సంగతి చెప్తారు. నాకు మాత్రం ఆయన పెద్దరికం ఆ రైల్లో కనిపించింది.

శ్రీను రెండు వారాలు రాలేదు. మావ పిలవడానికి వెళ్ళలేదు, ఫోన్ చెయ్యలేదు. మేం పరిగెత్తే దారి మాత్రం మార్చేశారు. రోజూ శ్రీను ఇంటి ముందునుంచి వెళ్ళడం, అక్కడికి రాగానే ఏమీ అనకుండా అందరం రెండు చప్పట్లు కొట్టి వెళ్ళిపోవడం. మూడోవారంలో ఒకరోజు ఆ ఇంటి తలుపు తెరుచుకుంది. శ్రీను బూట్లు చేత్తో పట్టుకుని బయటకు వచ్చాడు. "రోజూ ఈ సప్పట్లేటి మావా? మా యమ్మకి నిద్దర సెడిపోతంది" అన్నాడు. మావ, "అయితే బేగి తొడుక్కో" అన్నారు.

నాతో వాడు మాట్లాడటానికి ఇంకో నెల పట్టింది. ఒక పొద్దున నా పక్కకు వచ్చి, "పంతులమ్మగారూ, మీరు సేతులు మరీ బిగించీస్తన్నారు. వొదులుగా ఉంచండి" అన్నాడు. ఆరోజు నుంచి మావ నాకు ఊపిరి నేర్పారు, శ్రీను జోరు నేర్పాడు. స్కూలు సెలవుల్లో సాయంత్రాలు కూడా పరిగెత్తాను. అద్దంలో నా మొహం నేనే గుర్తుపట్టలేనంతగా ఎండకు నల్లబడ్డాను.

మరుసటేడు అదే పందెం, అదే ఐదుగురం. డివైడరు ఖాళీ దగ్గర ఈసారి తాడు కట్టారు. కట్టకపోయినా నేను ఆ పక్కకు చూసేదాన్ని కాదు. గుర్తు దగ్గరికి వెళ్ళి దాన్ని చేత్తో తాకి మరీ తిరిగాను. ఏడో కిలోమీటరు దగ్గర మావ పక్కకు వచ్చాను. ఆయన మోకాలు అప్పటికే పట్టేస్తోంది. నేను జోరు తగ్గించాను.

"ఏటి, ఆగుతన్నావు?"

"మీతోపాటు వస్తాను మావా."

"ఓలమ్మ! నాకు తోడెందుకు? ముందోళ్ళ కాళ్ళు సూడకు, నీ ఊపిరి ఇనుకో. ఎల్లు!"

వెళ్ళాను. కోట కనిపించాక ఒకరిని దాటాను. గీతకు ముందు ఇంకొకరిని దాటాను. గీత అవతల మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వెనక్కి తిరిగి చూస్తే, అదే అడుగుతో, పెద్దదీ కాకుండా చిన్నదీ కాకుండా మావ వస్తున్నారు. జట్టులో ఆఖరు ఆయనే. గీత దాటి నా దగ్గరికి వచ్చి, ఆయాసపడుతూ అన్నారు:

"ఈపాలి నీ ఈపు నిజంగానే ముందల కనబడిందమ్మా."

మూడో స్థానం వచ్చింది మాకు. నాలుగో జట్టుకూ మాకూ తేడా ఒక్క అంకె. లెక్కల టీచర్ని కదా, ఎన్నిసార్లు కూడుకున్నానో! కప్పు జానెడు కూడా లేదు. శ్రీను దాన్ని స్టేషను నుంచి ఇంటిదాకా ఆటో ముందు పెట్టుకుని, హారన్ కొట్టుకుంటూ తీసుకువెళ్ళాడు. వెనకసీట్లో మావ, పెళ్ళికొడుకు తండ్రిలాగా కూర్చున్నారు. నా ఉద్యోగంలో నాకు శాలువాలు కప్పారు, మెమెంటోలు ఇచ్చారు. వేటికీ నేను అంత గర్వపడలేదు.

ఆ వానాకాలంలోనే ఆయన కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. వారానికి మూడురోజులు శ్రీకాకుళంలో డయాలసిస్. శ్రీను తన ఆటోలో తీసుకువెళ్ళి తీసుకొచ్చేవాడు. మిగిలిన రోజుల్లో మావ కాలవగట్టు మొదట్లో కుర్చీ వేసుకుని కూర్చునేవారు. ఎవరు వస్తున్నారో, ఎవరు ఎగ్గొట్టారో అన్నీ చూసేవారు. ఒకరోజు నేను పక్కన కూర్చుని, "కష్టంగా ఉందా మావా?" అని అడిగాను. "కూకోడమే రాదమ్మా నాకు. నేర్సుకుంటన్నాను" అన్నారు. నేర్చుకునేలోపే వెళ్ళిపోయారు.

ఆయన పోయి నెల తిరిగింది. మొన్న ఆదివారం పొద్దున మేం కాలవగట్టు మీదకు వచ్చేసరికి, అత్త అక్కడ నిలబడి ఉంది. తెల్లటి నేతచీర, చెంగు బిగించి నడుముకు దోపుకుంది.

"మీ మావ రోజూ ఎక్కడి దాకా ఎల్లీవోడు?" అంది.

"ఆ కల్వర్టు దాకా అత్తా" అన్నాడు శ్రీను, ఆమెను ఎక్కువ దూరం నడిపించడం ఇష్టంలేక.

"అబద్దమాడకు. కల్వర్టు దాకానే అయితే అంతసేపేటి పడతాది?"

శ్రీను తలొంచుకున్నాడు. "ఆ అవతల తాటిచెట్లు దాటి, రైలు వంతెన దాకా."

అత్త చెప్పులు విడిచి, చేత్తో పట్టుకుని నడక మొదలుపెట్టింది. మేం పాతికమందిమి ఆమె వెనక నడిచాం. ఎవరం పరిగెత్తలేదు, ఎవరం ఆమెను దాటలేదు. ఊడుపులు అయిన మళ్ళలో నీళ్ళమీద ఎండ పడుతోంది. కల్వర్టు వచ్చింది. ఆమె ఆగలేదు.