మూడుదోవల్లో పారేసిన పురుగులు

1997వ సంవత్సరం. పెనుకొండ నుంచి హిందూపురం పోయే రోడ్డులో, పక్కకు తిరిగి రెండు మైళ్ళు లోపలికి పోతే వచ్చే ఒక ఊరు. నేనప్పుడు పట్టు పరిశ్రమలో టెక్నికల్ అసిస్టెంటుని. పేరు పెద్దదే గానీ, పని మోపెడ్ మీద ఊళ్ళు తిరిగి, ఇళ్ళలో పెంచే పట్టుపురుగులను చూసి, మంచీ చెడ్డా చెప్పి రావడం. మా రైతుల పట్టుగూళ్ళు హిందూపురం మార్కెట్‌కు పోయేవి. అందులో కొంత పట్టు ధర్మవరం మగ్గాలెక్కి చీరలయ్యేది. ఆ చీర కట్టుకుని మురిసేవాళ్ళకు తెలియదు గానీ, ఆ పురుగును సాకడం చంటిబిడ్డను సాకడమే. ఎండ ముదిరినా, ఆకు తడిగా ఉన్నా, మురికి చెయ్యి తగిలినా జబ్బు పడుతుంది.

ఆ ఊళ్ళో నాగమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయినాక ఎకరా మల్బరీ పెట్టుకుని, ఇద్దరు ఆడపిల్లలను చదివించుకుంటూ వచ్చింది. వరసగా రెండు పంటలు ఆమెకు గ్రాసరీ అనే రోగంతో పోయాయి. రైతులు దాన్ని పాలురోగం అంటారు. పురుగు ఉబ్బి, తట్ట అంచుల మీద తిరుగుతూ, చర్మం పగిలి తెల్లగా పాలు కారుస్తుంది. ఆ పాల చుక్క ఆకు మీద పడితే, ఆ ఆకు తిన్న పురుగులన్నీ పోతాయి.

మూడో పంటకు గుడ్లు తెచ్చుకున్న రోజు నాగమ్మ నాతో చెప్పింది.

"సార్, ఇది గూడా పోతే మల్బరీ పెరికేసి బెంగుళూరుకు ఇటుకల పనికి పోతా. పెద్దది పదో తరగతికి వచ్చుండాది. దాని చదువు ఆడికి సరి."

ఏడవలేదు, మొర పెట్టుకోలేదు. బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. నాకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

ఆమె ఇల్లు మూలమూలా వెతికాను. గదంతా ఫార్మలిన్ మందు కొట్టింది, సున్నం చల్లింది, తట్టలు ఎండలో వేసింది. వంక పెట్టడానికి ఏమీ లేదు. మరి రోగం యాడి నుంచి వస్తోంది? ఒక పొద్దున ఆమె ఆకు తెచ్చే దోవ పట్టుకుని నడిచాను. ఊరి బయట మూడు దోవలు కలిసే చోట దొరికింది. సగం చచ్చిన పురుగులు, ఆకు కాడలు, పెంట, వాటి మధ్యలో కోసిన నిమ్మకాయ, ఎండుమిరపకాయలు. చేలల్లోంచి ఆకు మోసుకొచ్చేవాళ్ళంతా కాసేపు మూట దించి మెడ నిమురుకునే చోటు అదే. ఇంకేముంది, రోగం మూటకు అంటుకుని నేరుగా ఇంటికి పోతోంది.

ఎవరి పనో కనుక్కోవడం కష్టం కాలేదు. నాగమ్మ వీధిలోనే ఉండే గంగప్ప. ఆయన పురుగులకూ అదే రోగం.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. ఆ రోజు మరీ నెత్తికెక్కింది. కాఫీ హోటల్ ముందర పదిమందిలో పట్టుకుని కడిగేశాను. చెత్త దోవలో పారేస్తావా, మనిషివా మానువా, నీ వల్ల ఒక ఆడకూతురి బతుకు పోతోంది అని నోటికొచ్చిందంతా అన్నాను. ఆయన బీడీ ఆర్పి, నింపాదిగా అడిగాడు.

"మా పురుగులకు దిష్టి తగిలింది సారూ. దిష్టి తీసింది మూడుదోవల్లో పారెయ్యక, నట్టింట్లో పెట్టుకుంటారా?"

జనం నవ్వారు. నా మొహం మాడిపోయింది. మరుసటి రోజు చూస్తే అదే చోట నిన్నటికి రెండింతలు పడి ఉంది. ఈసారి అది దిష్టి కాదు, పంతం. నా నోరు చేసిన పని అంతా ఇంతా కాదు.

అప్పటికి నాగమ్మ పురుగులు మూడో జ్వరం నుంచి లేచాయి. పురుగు పాత చర్మం విడవడానికి మేత మానేసి పడుకోవడాన్ని మా వైపు జ్వరం అంటారు. చూద్దామని పోయాను. ఒక తట్ట అంచు మీద ఉబ్బిన పురుగు ఒకటి కనిపించింది. అలవాటుగా దాన్ని తీసి రెండు వేళ్ళతో నొక్కాను. పాలు కారింది. "ఇదో చూడమ్మా, ఇట్లాంటిది కనబడితే వెంటనే ఏరెయ్యాల" అని చూపించి, కిటికీలోంచి బయటికి విసిరేసి, వేళ్ళు గడపకు తుడుచుకున్నాను.

నాగమ్మ బయటికి పోయింది. కాసేపు వెతికి, ఆ పురుగును ఒక ఆకు మీద ఎత్తుకొచ్చి నా ముందర పెట్టింది.

"గంగన్న పారేస్తే రోగం, మీరు పారేస్తే పాఠమా సార్?"

నిలువునా సిగ్గుతో చచ్చిపోయాను. పదకొండేళ్ళ సర్వీసు. ఎన్ని ఇళ్ళలో అట్లా నొక్కి చూపించానో, ఎన్ని కిటికీల్లోంచి విసిరేశానో, అదే చేత్తో పక్కింటి తట్ట ఎన్నిసార్లు ముట్టానో! ఆమెకు పోయిన రెండు పంటల్లో నా చెయ్యి ఎంత ఉందో దేవుడికే తెలియాలి. ఆ మాటే ఆమెతో అన్నాను. చేతులు కడుక్కోమని బ్లీచింగ్ నీళ్ళు పోసింది, అంతే.

సాయంత్రం గంగప్ప ఇంటికి పోయాను. నాగమ్మ కూడా వచ్చింది. హోటల్ కాడ అన్నదానికి తప్పు ఒప్పుకుని, పొద్దున నేను చేసిన ఘనకార్యం దాచకుండా చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. పంటలో సగం అప్పుడే పోయిందని, భార్య మూడు దినాలుగా సరిగ్గా అన్నం తినడం లేదని చెప్పాడు. ఆయన పురుగులు ఎట్లా ఉన్నాయని నేను ఒక్కసారన్నా అడిగిన పాపాన పోలేదు.

వైరస్ గురించి మొదలుపెట్టబోతుంటే నాగమ్మ అడ్డం వచ్చింది.

"అన్నా, దిష్టి తీసింది తొక్కితే తొక్కినోళ్ళకు తగులుతాదని మన పెద్దోళ్ళే చెప్తారు గదా. ఆడ ఊరంతా తిరుగుతాది, మూటలు దించుతాది. గుంతలో పూడిస్తే ఎవురు తొక్కుతారు?"

గంగప్ప తల పైకెత్తి, "ఆ మాటా నిజమే మా" అన్నాడు.

నేను పదకొండేళ్ళలో చదివిందంతా ఆ రోజు మింగేసి నోరు మూసుకున్నాను. తెల్లారి ఊరి వెనక, చేలకు దూరంగా నడుములోతు గుంత తవ్వాం. ఆయనే తన తట్టల చెత్తను మూడుసార్లు తిప్పి, నిమ్మకాయతో సహా అందులో వేశాడు. నేను పైన బ్లీచింగూ సున్నమూ చల్లాను. దిష్టి ఆయనది, సున్నం నాది. మూడుదోవల కాడ కూడా ఊడ్చి సున్నం కొట్టాం. ఆకు మూటలు అక్కడ దించొద్దని ఊళ్ళో చెప్పింది మాత్రం గంగప్పే.

నాగమ్మకు నాలుగు తట్టలు పోయాయి. మిగతా పురుగులన్నీ చంద్రికలెక్కాయి. చంద్రిక అంటే పురుగు గూడు కట్టుకోవడానికి వెదురుతో అల్లిన తడక. తెల్లటి గూళ్ళతో అవి నిండిపోవడం చూసి, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నాకూ కళ్ళు తడిశాయి, దాచేదేముంది. మల్బరీ పెరకలేదు. పెద్దమ్మాయి ఆ ఏడు పది పాసైంది. గంగప్పకు ఆ పంట దక్కలేదు, తరువాతది దక్కింది.

ఆ తరువాతి పంటప్పుడే మా పై ఆఫీసరును వెంటబెట్టుకుని ఆ వీధిలోకి పోయాను. గంగప్ప తన గడప ముందర బకెట్టు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సారూ, ఆగండి. చెప్పులు ఈడ ఇడిసి, చేతులు కడుక్కోని లోపలికి పోండి. పెద్దసారు గూడా."

ఆఫీసరు మొహం ఎర్రబడింది. నేను సంతోషంగా బకెట్టు ముందర వంగాను. ఆయన కూడా వంగక తప్పలేదు.

ఆ తరువాత ఇరవై ఏళ్ళు ఆ ఉద్యోగంలోనే ఉన్నాను. చెత్త దోవలో వేసేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ తగిలారు. కోపం రాలేదంటే అబద్ధం. కానీ ముందు నా చేతులు చూసుకుని, ఆనక పక్కన కూర్చుని, "ఈడే ఎందుకు వేస్తాండావప్పా?" అని అడగడం నేర్చుకున్నాను. అడిగితే చెప్తారు. తిడితే మళ్ళీ వేస్తారు.