వేడిగా ఉన్న సోల్డరింగ్ ఐరన్

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. ఏది పాడైనా కారణం ఉంటుంది, వెతకాలి. నేను నేర్చుకున్న పని అదే. వనపర్తిలో మా రేడియో రిపేరు షాపులో మా ఆయన పక్కన పదేళ్లు కూర్చున్నాను. ఆయన జ్వరంతో పోయాక షాపు నేనే చూసుకున్నాను.

2006 ఎండాకాలంలో యూసుఫ్ భాయ్ గద్వాల నుంచి బస్సులో ఒక పాత గిటారు ఆంప్లిఫయర్ తెచ్చారు. లోపల గాజు వాల్వులుండే రకం. వయసులో ఉన్నప్పుడు పెళ్లిళ్లలో దాంతోనే వాయించేవారట.

"ఒక చెవు పూరా పోయింది చెల్లె. రెండోది గూడ పోతున్నది. అది పోకముందే దీని సప్పుడు ఒక్కపారి ఇనాలె," అన్నారు.

వాల్వులు బాగానే ఉన్నాయి. వాల్యూమ్ నాబ్‌ను పట్టి ఉంచే చిన్న స్క్రూ మాత్రం తుప్పుపట్టి బిగుసుకుపోయింది. అది ఊడితేనే లోపలి భాగం బాగుచేయగలం. బలవంతం చేస్తే నాబ్ కింది కడ్డీ విరుగుతుంది. అలాంటిది మళ్లీ దొరకదు.

మా ఆయన ఇలాంటి వాటికి చుక్క నూనె వేసి, సోల్డరింగ్ ఐరన్‌తో వేడి తగిలించి, వదిలేసేవారు. "జంగు పట్టినదానితోని కొట్లాడొద్దు. జర టైమియ్యాలె," అనేవారు.

మూడు రోజులు అలాగే చేశాను. కదల్లేదు. నాలుగో రోజు పొద్దున స్క్రూడ్రైవర్ జారి వేలు తెగింది. నొప్పికి కాదు గానీ ఏడుపొచ్చింది. ఆయన చెయ్యి ఒక్కసారి పడితే చాలు కదా అనిపించింది. ఆ రోజు ఐరన్ ప్లగ్గులో పెట్టనే లేదు.

పన్నెండింటికి కరెంటు పోయింది. షట్టర్‌కు తాళం వేసి, తాళంచెవి కొంగున కట్టుకుని అన్నానికి ఇంటికెళ్లాను. ఉన్నది ఆ ఒక్క తాళంచెవే.

రెండు గంటలకు తిరిగొచ్చాను. తాళం వేసినట్టే ఉంది. కరెంటు ఇంకా రాలేదు. బల్ల మీద నాబ్ ఊడి ఉంది. స్క్రూ ఒక సీసా మూతలో, తల కిందికి పెట్టి ఉంది. నేను స్క్రూలన్నీ డబ్బాలో పడేస్తాను. అలా మూతలో పెట్టే అలవాటు ఆయనది.

ఐరన్ ముట్టుకున్నాను. వేడిగా ఉంది.

పక్క షాపులో బట్టలు కుట్టే సత్తెమ్మను అడిగాను.

"ఎవ్వరు రాలె అక్కా. నేను ఈడనే కూసున్న," అంది.

భయం వేయలేదు. లోపలికెళ్లి, ఐరన్ పూర్తిగా చల్లారేదాకా దాని పిడి పట్టుకుని కూర్చున్నాను.

శుక్రవారానికి లోపలి భాగం బాగుచేసి ఉంచాను. యూసుఫ్ భాయ్ వచ్చి గిటారు తగిలించారు. మంచి చెవి పెట్టెకు ఆనించి తీగ మీటారు. "ఇనొస్తున్నది," అన్నారు మెల్లగా. జరిగింది ఆయనకు చెప్పలేదు.

ఎలా జరిగిందో ఇప్పటికీ నాకు తెలియదు. ఆ తర్వాత చాలాసార్లు, ఏదైనా బిగుసుకుపోతే కావాలనే షాపు మూసి ఇంటికెళ్లాను. చప్పుడు కాకుండా తాళం తీసి చూశాను. బిగిసింది బిగిసినట్టే ఉండేది.