ఉత్తి ఫ్లాష్

ఫోనులో ఫోటో తీస్తానంటే మా మేనత్త తలెత్తి కూడా చూడదు. చిక్కుడుకాయలకి ఈనెలు తీసుకుంటూ కూర్చుంటుంది. నాకు ఒళ్లు మండిపోతుంది. అలాంటి మనిషి, నేను ఈమధ్య కొన్న పాత రీలు కెమెరా పట్టుకుని చోడవరం వెళ్తే, చేట పక్కన పెట్టేసి కొంగు సర్దుకుంది.

"ఒరే, ఇందులో రీలుందేటి, ఉత్తిదేనేటి?" అంది.

ఆ అనుమానం ఎందుకో తెలుసుకోవాలనిపించి అడిగాను. మా అమ్మానాన్నల పెళ్లిలో అత్త కొత్త చీర కట్టుకుని వాళ్ల పక్కన నిలబడి ఫోటో దిగిందట. తీరా ఆల్బం వస్తే అందులో అత్త లేదు. రీలు ఆదా చెయ్యడానికి ఆ ఫోటోగ్రాఫరు కొందరికి ఉత్తి ఫ్లాష్ వెలిగించి పంపేశాడట.

"కోపం రాలేదా అత్తా?"

"ఎందుకు రాదు? ఇప్పటికీ ఉంది."

నా కెమెరాలోనూ ఇంకా రీలు ఎక్కించలేదు. భయపడుతూనే ఆ మాట చెప్పాను. అత్త లేచిపోతుందనుకున్నాను. లేవలేదు సరికదా, గడ్డం కాస్త పైకెత్తింది.

"పర్లేదు. ఆ ఉత్తి ఫోటోకి ఎలాగ నిలబడ్డానో నాకింకా గుర్తే. నువ్వు ఫోన్లో తీసినయి ఒక్కటీ గుర్తునేదు. కొట్టు."