ఉస్తాద్ చెప్పిన బరాబర్

ఆ రోజుల్లో మా ఆసిఫాబాద్ వైపు చెప్పిన మాట మీద నిలబడేవాళ్లు తక్కువ, ఆ మాటను పక్కవాడి నెత్తిన రుద్దేవాళ్లు ఎక్కువ. ఇప్పుడేమన్నా మారిందని నేను అనను. నాకప్పుడు ఇరవై ఏళ్లు. మా సేటు మిలిటరీవాళ్లు వేలం వేసిన పాత పది చక్రాల లారీ కొన్నాడు (యుద్ధంలో గెలిచినవాళ్లదని చెప్పుకునేవాడు, చూస్తే మాత్రం ఓడినవాళ్లదిలాగే ఉండేది). అడవి నుంచి కాగజ్‌నగర్ కాగితం మిల్లుకు వెదురు తోలడం దాని పని. నేను రెండో డ్రైవర్ని, అంటే లైసెన్సు జేబులో, నీళ్ల బకెట్టు చేతిలో. పెద్ద డ్రైవర్ ఒకరోజు లారీని మొద్దు మీదికి ఎక్కించి, వెనక ఎడమవైపు టార్కు రాడ్డు వంచేసి, చెప్పాపెట్టకుండా ఊరికి పోయాడు. "రిపేరై లారీ మంచిగ నడిచిందంటే స్టీరింగ్ నీదేరా" అన్నాడు సేటు. ఆ సీటు మీద నాకెంత ఆశ ఉండేదో చెప్పలేను.

టార్కు రాడ్డంటే వెనక ఇరుసు ముందుకూ వెనక్కూ జరగకుండా చాసిస్‌కు పట్టి ఉంచే ఇనుప కడ్డీ. రెండు కొసల్లో బోల్టు దూరే రెండు కళ్లుంటాయి. జాకీ ఎత్తి, చక్రాలకు రాళ్లు పెట్టి, నట్లకు కిరోసిన్ పోసి, సుత్తెతో కొట్టి కొట్టి, ముఖం నిండా తుప్పు రాల్చుకుని దాన్ని ఊడదీసింది నేను. షెడ్డులో మంచం మీద పడుకుని "జర గట్టిగ కొట్టు, అత్తగారింటికొచ్చినవా" అన్నది మా మెకానిక్కు ఉస్తాద్. పని నాది, పేరు మాత్రం ఆయనది. ఊడిన రాడ్డును కాలితో నా వైపు తోసి, "కరీంనగర్ పోయి లేత్ మిషన్ కాడ కొత్తది చేయించుకరా. దీనికి బరాబర్ ఉండాలె. వెంట్రుకంత ఫరక్ వచ్చినా ఊకోను" అన్నాడు. ఇది నేను కల్పించిన మాట కాదు. అక్కడ మూడో మనిషి లేకపోవడం నా ఖర్మ.

గోనెపట్టాలో చుట్టిన రాడ్డును ఒళ్లో పెట్టుకుని బస్సులో కూర్చున్నాను ("ఏందన్నా, తుపాకా?" అని పక్కాయన దూరం జరిగాడు, ఆ ఒక్క మేలు జరిగింది). లేత్ మిషన్ ఆయన రాడ్డును తిప్పి తిప్పి చూశాడు. "తమ్మీ, గిది వంగింది. వంగినంక కొలత వెట్టాల్నా, వంగక ముందటిదా?"

"దీనికి బరాబర్ అన్నడు మా ఉస్తాద్."

"గట్లయితే పొట్టిగైతది కద."

"ఉస్తాద్ చెప్పింది నాకా, నీకా?"

ఆయన నవ్వాడు. మర్యాదస్తులు అలా నవ్వరు. అయినా రెండు కళ్ల మధ్య దూరం వంగిన రాడ్డుకెంతుందో అంతే పెట్టి, తిన్నని రాడ్డు చేసిచ్చాడు.

బిగించేటప్పుడు అది అందలేదు. ఉస్తాద్ ఇరుసుకు గొలుసు కట్టి ముందుకు లాగించి మరీ తొడిగించాడు. సరైన కొలతదైతే లాగడమెందుకని నాకు తోచింది. నన్నెవరూ అడగలేదు, నేను చెప్పలేదు. లారీ రోడ్డెక్కింది. ముక్కు కాగజ్‌నగర్ వైపు, తోక పక్క చేన్ల వైపు. "నా లారీ ఎండ్రికాయ లెక్క నడుస్తుందేందిరా!" అని సేటు నెత్తి పట్టుకున్నాడు. ఉస్తాద్ కుడి రాడ్డూ ఎడమ రాడ్డూ కొలిచి, ఎడమది పొట్టిగా తేలేసరికి నా మీదికి తిరిగాడు.

"అరె గాడిదా, బరాబర్ చేయించుమంటి కద!"

"బరాబరే చేయించిన. పాతది పక్కకు వెట్టి సూడు."

"బరాబర్ అంటే సరిగ్గ అని!"

"బరాబర్ అంటే సమానం. నువ్వు 'దీనికి' అన్నవ్!"

"నేను 'దీనికి' అననే లేదు" అన్నాడు ఆ పెద్దమనిషి, బీడీ ముట్టించుకుంటూ.

చుట్టూ మూగిన జనం విరగబడి నవ్వారు. సేటు చివరికి మెత్తబడ్డాడు. "పోనీ తియ్యి, ఇంకో రాడ్డు చేయిద్దాం. ఉస్తాద్‌తోని తప్పైందను, ఎక్కి కూసో." ఒక్క మాట. స్టీరింగ్ చేతికందే దూరంలో ఉంది. "ముందు 'దీనికి' అన్ననని ఆయన్ని ఒప్పుకొమ్మను సేటూ" అన్నాను. ఉస్తాద్ ఆకాశంలో మబ్బులు చూశాడు. సేటు ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, తన బామ్మర్దిని పిలిచాడు.

కొత్త రాడ్డు పడ్డాక ఆ బామ్మర్ది (గేరు మారిస్తే ఊరంతటికీ వినపడేది) వెదురు లోడుతో నా ముందు నుంచే పోయాడు, హారన్ కూడా కొట్టాడు. కొంచెం పక్కకు లాగితే బాగుండునని ఆశగా చూశాను. లారీ దారం పట్టినట్టు తిన్నగా పోయింది. తర్వాత నేను బస్సులు నడిపాను, జీపులు నడిపాను. ఆ అడవి దారిలో వెదురు లారీ మాత్రం నడపలేదు. ఒక్కోసారి ఆ ఇరవై ఏళ్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, "తప్పైందని అనెయ్ రా, ఏం పోతది, ఎక్కి కూసో" అని బతిమాలాలనిపిస్తుంది. వాడు వినడు. వాడి సంగతి నాకు తెలియదా? ముందు ఉస్తాద్‌ను ఒప్పుకోమంటాడు.