మూర్తి మాస్టారి ఫైనల్ కీ

మా ఆయన వేంకటరమణమూర్తిగారికి లోకంలో రెండింటి మీదే గట్టి నమ్మకం. ఒకటి మా చోడవరం స్వయంభూ వినాయకుడు, రెండోది తన ఆన్సర్ కీ. వినాయకుడి మీదైనా ఎప్పుడైనా విసుక్కున్నారేమో గానీ, కీ మీద మాత్రం ఈగ వాలనివ్వలేదు.

కాలేజీలో సైకాలజీ చెప్పి రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక, టీచరు ఉద్యోగాల పరీక్షలకి చదివేవాళ్ల కోసం మా మేడ మీద రేకుల షెడ్డులో కోచింగ్ పెట్టారు. మాడుగుల బస్సులో కొందరు, రావికమతం షేర్ ఆటోల్లో కొందరు వస్తారు. సైకాలజీ అంటే వాళ్లకి గుండె దడ. ఆ సంస్కృతం మాటలకి నోరు తిరగదు. అందుకని మా ఆయన ప్రతి పాఠానికీ ఓ పాట కట్టారు. ఎడం చేత్తో బల్ల మీద దరువేస్తూ ఆయన ఓ లైను అంటే, పిల్లలు తందాన అంటారు. కింద వంటింట్లో నా పోపు డబ్బాలు కూడా తందాన అంటాయి. ఆ పాటలు పాడుకుంటూ పరీక్షలు రాసి ఉద్యోగాలు కొట్టినవాళ్లు చుట్టుపక్కల మండలాల నిండా ఉన్నారు.

అన్నిట్లోకీ పెద్ద హిట్టు మానసిక రుగ్మతల పాట. దాని చివరి లైను ఇదీ: ‘ఆడో మగో తెలియనట్టి అయోమయ రోగం.’ అక్కడికి వచ్చేసరికి ఈయన నడుం మీద చెయ్యి వేసుకుని ఓ వంకర తిరిగేవారు. షెడ్డు రేకులు లేచిపోయేలా నవ్వులు. ఆ నవ్వు వినపడితే క్లాసు అయిపోవచ్చిందని నేను పొయ్యి మంట తగ్గించేదాన్ని. అంతకుమించి ఆ నవ్వు గురించి ఆలోచించిన పాపాన పోలేదు.

ఒకరోజు ఆ నవ్వు వినపడలేదు. నా పప్పు మాడింది.

కారణం ముందు బెంచీలో కూర్చుని ఉంది. పేరు ఝాన్సీ. రావికమతం నుంచి వస్తుంది. ట్రాన్స్‌జెండర్ మహిళ. బీఈడీ పూర్తిచేసి, సర్కారు బళ్లో టీచరు కావాలని పట్టుబట్టి కూర్చుంది. చేరడానికి వచ్చిన రోజున మా ఆయన ఎక్కడలేని పెద్దమనసూ తెచ్చుకుని, “చదువుకి ఆడా మగా ఏవిటమ్మా!” అన్నారు.

“చదువుకి లేదేమోనండి. నాకుందండి. నేను ఆడమనిషినండి,” అంది.

ఆ మాటతో నాకు ఆ పిల్ల తెగ నచ్చేసింది.

సరే, పాటలో ఆ లైను వచ్చేసరికి ఈయన చెయ్యి నడుం దాకా వెళ్లి ఆగిపోయిందట. లైను మింగేసి ఉత్త దరువు వేశారట. పిల్లలు అలవాటు కొద్దీ ఆ దరువుకే తందాన అన్నారట. అయితే పాటలో లైను మింగిన మనిషి, ఆదివారం టెస్టు పేపర్లో అదే బిట్టును మింగడం మర్చిపోయారు. ‘తాను స్త్రీయో పురుషుడో తెలియని మానసిక రుగ్మత ఏది?’ కింద నాలుగు ఆప్షన్లు. కీ ప్రకారం సరైన జవాబు ‘లింగ గుర్తింపు రుగ్మత’.

మన పెద్ద పరీక్షల పద్ధతి తెలిసిందే కదా. ముందు ప్రాథమిక కీ పెడతారు, దాని మీద అభ్యంతరాలు తీసుకుంటారు, ఆ తర్వాత ఫైనల్ కీ. మా ఆయనదీ అదే పద్ధతి. కీ గోడకి అంటించి, “అబ్జెక్షన్లుంటే చెప్పండర్రా” అని కాలు మీద కాలేసుకు కూర్చుంటారు. ఎవరూ చెప్పరు. బుచ్చయ్యపేట నుంచి వచ్చే పెదబాబు ఓసారి నోరు జారి, సాయంత్రం దాకా తిట్లు తిన్నాడు. ఫైనల్ కీ అంటే మా ఇంట్లో ప్రాథమిక కీయే, కాకపోతే అప్పటికి కాస్త ఎండకి వెలిసిపోయి ఉంటుంది.

ఆ ఆదివారం నేను మజ్జిగ గ్లాసుతో పైకి వెళ్లేసరికి ఝాన్సీ లేచి నిలబడి ఉంది.

“ఆ బిట్టు మీద అబ్జెక్షనండి మాస్టారూ. నేను ఏటీ పెట్టలేదండి, వదిలేసేను.”

“అభ్యంతరం ఏవిటమ్మా?”

“తెలీని రోగం అన్నారు కదండీ. నాకు తెలుసండి. నాలుగో తరగతప్పుడే తెలుసు. తెలీనిది మా ఇంట్లో వోళ్లకండి, మా బళ్లో మాస్టర్లకండి. మరి రోగం నాకెలాగొచ్చిందండి?”

పెదబాబు కిసుక్కుమన్నాడు. ఆ కిసుక్కు తన మీదేనని మా ఆయన కనిపెట్టేశారు.

“అది పుస్తకంలో మాటమ్మా. నేను పుట్టించింది కాదు. పరీక్షలో వస్తే అదే టిక్కు పెట్టు. ఒక్క బిట్టు. ఉద్యోగం వచ్చేక నీ ఇష్టం.”

“నేను రోగాన్నని నా చేత్తోనే టిక్కు పెట్టుకుంటే ఉద్యోగమొస్తదండి. రేపు నాలాటి గుంట నా క్లాసులో కూకుంటే, దానికేటి సెప్పమంటారండి?”

జవాబు లేని మగవాళ్లు హఠాత్తుగా ఆఫీసర్లయిపోతారు. “అభ్యంతరం తోసిపుచ్చడమైనది,” అన్నారు. ఝాన్సీ బ్యాగు తీసుకుని మెట్లు దిగిపోయింది. ఆ తర్వాత క్లాసుకి రాలేదు. నోటిఫికేషన్ ఇవాళో రేపో అంటున్నారు. ఇంత కష్టపడిన పిల్ల, మా షెడ్డులో పడ్డ మాటకి టీచరు కాకుండా పోతుందేమోనని నాకు దిగులూ, కోపమూ రెండూ వచ్చాయి.

నేను కోపమొస్తే అరవను. మాడుగుల హల్వా డబ్బా తీసి ఈయనకి అందని అరలో పెట్టేస్తాను.

“హల్వా ఏదే సుందరీ?”

“అబ్జెక్షన్ తేలనీండి.”

హల్వా మీది ప్రేమో, లోపల పొడుస్తున్న ముల్లో, మొత్తానికి పుస్తకాల ముందు కూర్చున్నారు. కొత్తవి తెప్పించారు, ఫోనులో వెతికారు. తేలిందేమిటంటే, ఈ మాట మీద డాక్టర్లూ సైకాలజీ వాళ్లూ ఏళ్ల తరబడి కొట్టుకుని, ఆఖరికి మార్చేసుకున్నారు. అమెరికా మానసిక వైద్యుల పుస్తకం రుగ్మత అన్న మాట తీసేసి, మనిషి పడే వేదన పేరు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థయితే ఆ సంగతిని మానసిక రోగాల అధ్యాయంలోంచే లేపి వేరేచోట పెట్టింది. మా మేడ మీదికి మాత్రం కబురు అందలేదు.

ఇక రుగ్మత బదులు కొత్త మాటల వంట మొదలైంది. భోజనం దగ్గర, “లింగభావ అసంగతత్వం, ఎలా ఉందే?” అన్నారు.

“కడుపులో గ్యాసు పట్టినట్టుంది.”

“పోనీ, విచలనం?”

“దారి తప్పిందనా? ఎవరి దారి?”

“మరి ఏ మాట పెట్టమంటావే?” అని విసుక్కున్నారు.

“మాట సంగతి తర్వాత. ముందు ఆ లైను ఏ పాటలో పెట్టేరో చూసుకోండి. మీ పుర్రచెయ్యి ఏ పాటలో ఉందండీ?”

ఆయన తన ఎడం చేతి వంక చూసుకున్నారు. చిన్నప్పుడు ఆ ఎడం చేతిని బెంచీకి కట్టేసి కుడిచేత్తో అక్షరాలు దిద్దించారట వాళ్ల మాస్టారు. ఇప్పుడు అది రుగ్మతల పాటలో లేదు. వైయక్తిక భేదాల పాటలో ఉంది, పొట్టివాళ్ల, పొడుగువాళ్ల పక్కన, దర్జాగా. దాన్ని అక్కడ పెట్టుకున్నది ఈయనే.

మర్నాడు ఆయనే ఝాన్సీకి ఫోను చేశారు. “ఆదివారం ఫైనల్ కీ పెడతన్నానమ్మా. నువ్వు రావాలి.”

వచ్చింది. నేను కూడా గ్లాసేదీ లేకుండానే పైకెక్కాను.

“ఆ బిట్టు రద్దు చేసేను. అందరికీ ఓ మార్కు కలుపుతన్నాను,” అన్నారు మా ఆయన. పెదబాబు ఈల వేశాడు. షెడ్డంతా చప్పట్లు. మా ఆయన ముఖం వెలిగిపోయింది.

ఝాన్సీ లేచింది. “నాకు మార్కొద్దండి మాస్టారూ. బిట్టు కొట్టేస్తే నేను లేనట్టే కదండీ. జవాబు సెప్పండి.”

మా ఆయన సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు.

“ఇన్నాళ్లూ తప్పు చెప్పేనమ్మా. చెప్పి నవ్వించేను కూడా. అది మరీ తప్పు.”

అని, ఎడం చేత్తో దరువు ఎత్తుకున్నారు. రుగ్మతల పాట కాదు, వైయక్తిక భేదాల పాట. పొట్టివారున్నారు, తందాన. పొడుగువారున్నారు, తందాన. ఎడమచేతి వాటమువారున్నారు, తందాన. ఆ తర్వాత కొత్త లైను: ‘తానెవరో తెలిసినవారున్నారు.’

లైను పొడుగెక్కువై దరువు తప్పింది. పిల్లలకి ఎక్కడ అందుకోవాలో తెలియక దిక్కులు చూశారు. ముందు బెంచీలోంచి ఒక్క గొంతు, ఝాన్సీది, గట్టిగా తందాన అంది. ఆ వెనకాలే షెడ్డంతా అంది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

వెళ్తూ వెళ్తూ మెట్ల దగ్గర ఆగి ఝాన్సీ అడిగింది, “నిజం పరీక్షలో ఆ పాత బిట్టే వస్తేనండి?”

“వదిలెయ్యి. వాళ్ల కీ మీద అబ్జెక్షన్ నేను పెడతాను. ఋజువులన్నీ నా దగ్గరున్నాయి,” అన్నారు మా ఆయన, మళ్లీ కాలు మీద కాలేసుకుంటూ.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నారు. కలుపుతూ అన్నారు, “ఆ అయోమయం నాదేనే సుందరీ. ఆ పిల్లకి మొదట్నుంచీ తెలుసు.”

నేను స్టూలెక్కి హల్వా డబ్బా దించాను. పెద్ద ముక్కే పెట్టాను.

“మార్కు మాత్రం కలపను,” అన్నాను.